మర బిగించిన మూలమట్టం

“నా చేతిలో ఉన్నవి ఇవే, కూర్మయ్యా. నీలం అద్దం పలక ఒకటి. రెక్క తిరిగే మూలమట్టం ఒకటి. పగిలిన పాత అద్దం ముక్క ఒకటి. ఈ మూడింటితో కోటబొమ్మాళిలో పదకొండు తలుపుల పని నేను సంపాదించాలి. ఆరు గంటల ప్యాసింజరు దాటిపోతే ఆ పని బరంపురం అద్దాల వాడిదే.”

విజయనగరం బజారులో అద్దాలూ పటాలూ అమ్మే నగరేశ్వరరావు, మధ్యాహ్నం మూడు గంటల వేళ, తన కొట్టుకి ఇరవై మూడేళ్ళుగా అద్దాలు కోసిపెడుతున్న కూర్మయ్య ఇంటి అరుగు మీద కూర్చుని చెప్పిన లెక్క ఇది. కూర్మయ్య భార్య జగ్గమ్మ గుమ్మం లోపల నిలబడి ఉంది.

“అలగే, సావుకారూ. అక్కడెట్టేసి ఎల్లండి. ఐదింటికి కోసి పంపిస్తాను.”

“పెట్టి వెళ్ళడానికి రాలేదు. ఇక్కడే కూర్చుంటాను. నా కళ్ళ ముందు కొయ్యి.”

“మీ కళ్ళ ముందా? ఎందుకూ, నా మీద నమ్మకం నేదేటి?”

“నమ్మకం ఉంది. పలక ఒక్కటే ఉంది. ఇలాంటి నీలం ఈ ఊళ్ళో ఇంకొకటి లేదు. పని ఖాయమైతే మిగతాది కలకత్తా నుంచి తెప్పిస్తాను. కాకపోతే ఇదే మొదలు, ఇదే ఆఖరు. కొయ్యి.”

“ఇయాల మంగళారం, సావుకారూ. రంగద్దం మీద మంగళారం వజ్రం ఎట్టకూడదు.”

“ఇవాళ బుధవారం.”

“బుదారమా? ఒసే జగ్గమ్మా, ఇయాల బుదారమేటి?”

“బుదారమే, మావా.”

“అయితే ఎలుగు సాల్దు. మబ్బేసినట్టున్నాది.”

“మబ్బెక్కడ? నీ మోకాలి మీద ఎండ పడుతోంది.”

“మరదే సెప్తన్నాను. ఎండ ఎక్కువైనా కష్టమే. అద్దం మెరిసిపోద్ది.”

“నువ్వు రోజురోజుకీ పెళ్ళికూతురిలా బిగుసుకుంటున్నావు. విను. కోటబొమ్మాళి నారాయణమూర్తి గారి ఇల్లు. ప్రతి తలుపు పైనా విసనకర్రలా కిటికీ. కిటికీకి ఐదు ముక్కలు, కింద సన్నం, పైన వెడల్పు. మొదటి తలుపుకి ఐదూ సరిగ్గా కూర్చుంటే మిగతా పదీ నాకే ఇస్తానన్నాడాయన. ఒక్క ముక్క అటూ ఇటూ కదిలినా రేపటి బండికి బరంపురం కబురు పెడతానన్నాడు.”

“వాలు ఎక్కడ పట్టేరు, బాబూ? చట్రం లోపలంచునా, బయటంచునా?”

“లోపలంచున, జగ్గమ్మా. నీకెందుకొచ్చింది ఆ సందేహం?”

“ఏదో, ఇన్నేళ్ళూ ఇంటన్నాది కదా, సావుకారూ. ఆడోళ్ళ మాట ఒగ్గేయండి. మట్టం మర బిగించేరా?”

“బిగించేను, కూర్మయ్యా. పిడి అడుగు బద్దకి ఆనించేను. రెక్కని పక్క బద్దకి చేర్చేను. మర గట్టిగా తిప్పి, గుడ్డలో చుట్టి, రైల్లో ఒళ్ళో పెట్టుకుని తెచ్చేను. నువ్వు చెయ్యాల్సింది ఒకటే. పిడి ఈ పలక అంచుకి ఆనించడం, రెక్క వారన గీయడం.”

“దార్లో ఎవులూ ముట్టనేదు కదా, బాబూ?”

“ఎవరు ముడతారు, జగ్గమ్మా?”

“ముట్టనేదు కదా అని.”

“చీపురుపల్లి దగ్గర ఒకాయన ఇదేటని అడిగేడు. చూపించేను.”

“సూపించేరా, సేతికిచ్చేరా?”

“చూపించేను అన్నాను కదా. కూర్మయ్యా, మొదలుపెట్టు. అరగంట మాటలకే పోయింది.”

“మొదలెడతన్నాను. ఒసే, కిరసనాయిలు బుడ్డి తే. వజ్రం కలం తే. ఊఁ. ఇయ్యి.”

“కలం తలకిందులుగా పట్టుకున్నావు.”

“తుడస్తన్నాను, సావుకారూ.”

“వజ్రం ఉన్న వైపు పట్టుకుని పిడి తుడుస్తారా?”

“ఎవుల అలవాటు ఆలది.”

“సరే, మట్టం ఇదిగో, నేనే ఆనించి పట్టుకున్నాను. గీయి.”

“గీస్తాను. తొందరెట్టకండి.”

“గీయి మరి.”

“గీస్తన్నాను.”

“ఆగు, మావా.”

“నువ్వు లోపలుండవే, జగ్గమ్మా.”

“ఆగమన్నాను. బాబూ, ఆ పగిలిన ముక్క ఇలగియ్యండి.”

“అది రంగు పోల్చుకోడానికి ఆ కిటికీలోంచి తెచ్చేను, జగ్గమ్మా.”

“రంగు మీరు సూసుకోండి. దాని మూల నాకు గావాల. ఇదిగో, ఈ మూల ఇరగనేదు. మట్టం ఇటియ్యండి.”

“ఒసే, ఒద్దు. నా మాటిను. ఒద్దు.”

“ఒద్దంటే పలక పోద్ది, మావా. పలకొకటే ఉన్నాది. సూడండి, బాబూ. పాత ముక్క అడుక్కి పిడి ఆనింది. ఇప్పుడు రెక్క దీని పక్కంచుకి ఆనాల. ఆనిందా?”

“ఆనినట్టే ఉంది.”

“వొంగి సూడండి. అగ్గిపుల్ల దూరతాది. ఒక ముక్కకి అగ్గిపుల్ల తేడా వొస్తే, ఐదు ముక్కలూ పక్కపక్కనెట్టేసరికి పిడికిలి దూరతాది. ఈ మర ఎవులిప్పేరు?”

“చేతికిచ్చేను. ఆ రైల్లో ఆయనకి.”

“మరి సెప్పరేటి?”

“చెబితే మళ్ళీ కోటబొమ్మాళి పోయి వాలు పట్టుకు రావాలి. రానూ పోనూ రోజు పోతుంది. అందుకని కంటికి ఆనినట్టు సరిచేసి బిగించేను.”

“ఇన్నేళ్ళు అద్దాలమ్మేరు. ఒక్క మర కాసుకోనేకపోనారేటి, బాబూ? ఈ పాత ముక్క తేకపోతే మీ నీలం పలక ఈపాటికి పెంకులైపోను.”

“తప్పు నాదే. కానీ, జగ్గమ్మా, నువ్వు ఆ మట్టం పట్టుకున్న తీరు చూస్తే అది నీ చేతికి కొత్త కాదు.”

“ఆడది, సావుకారూ. ఏదో పట్టుకుంటాది. ఇడిసీయండి.”

“కూర్మయ్యా, నా చెయ్యి చూడు. ఎన్ని వేళ్ళు?”

“మూడు.”

“నేను చెయ్యి ఎత్తలేదు.”

“అగపడదు, సావుకారూ.”

“ఎన్నాళ్ళయింది?”

“పొరలొచ్చీసేయి, సావుకారూ. ముందు ఎడమ కన్ను పోనాది. ఏడాది తిరక్కుండా రెండోది. ఇప్పుడు ఎలుగూ నీడా తెలుస్తాయి, అంతే.”

“మరి నా కొట్టుకి వస్తున్న అద్దాలు?”

“అది గీస్తాది. నాను ఇంటాను.”

“వినడమేటి?”

“గీత తిన్నగా పడితే ఒకటే సప్పుడు. పట్టుగుడ్డ సింపినట్టు, సన్నంగా. సెయ్యి తేలిపోతే ఇసక తొక్కినట్టు గరగరమంటాది. గరగరమన్నకాడ ఆపమంటాను. మూడేళ్ళలో మీ అద్దం ఒక్కటీ పాడు సెయ్యనేదు. ఈ మాట మాత్రం బజార్లో అనకండి. అంటే మా పొయ్యి ఆరిపోద్ది.”

“ఆడదాని సేతి గీతంటే ఎవులు కొంటారనేసి సెప్పనేదు, బాబూ. మోసం సెయ్యాలని కాదు.”

“అదంతా తరవాత, జగ్గమ్మా. బండి వేళవుతోంది. ఈ పలక సంగతి చూడు.”

“సూస్తాను. రెక్క పాత మూలకి ఆనించి మర బిగించేను. ఇదిగో, ఇప్పుడు ఉల్లిపొర దూరదు. బాబూ, మీ నీడ తియ్యండి. మావా, ఇను.”

“ఊఁ… ఊఁ… ఊఁ. సాలు. ఇరిసెయ్యి.”

“ఒకటి.”

“మట్టం తిరగెట్టు. సన్నం పక్కన ఎడల్పు రావాల. నేకపోతే ఐదు రావు.”

“తెలుసు, మావా. ఊరుకో. రెండు.”

“గట్టిగా నొక్కకు. ఊఁ. అలగ.”

“మూడు.”

“ఆగు. ఇసక.”

“కలం ఎండింది. సావుకారు మాటలెట్టేసరికి ముంచడం మరిసిపోనాను.”

“నేను నోరెత్తలేదు, జగ్గమ్మా.”

“ఎత్తకపోయినా ఊపిరి ఇనిపిస్తన్నాది. కిరసనాయిల్లో ముంచేను, మావా. గీయనా?”

“గీయి. ఊఁ… ఊఁ. బాగున్నాది. ఇరిసెయ్యి.”

“నాలుగు. ఐదు. ఒకదాని మీద ఒకటెట్టి సూసుకోండి, బాబూ. అంచులు ఇంకా పామనేదు, సేతులు జాగర్త.”

“ఐదూ ఒక్క ముక్కలా ఉన్నాయి. ఎంత మిగిలింది?”

“రెండు వేళ్ళ ఎడల్పు పీలిక. అదీ అంచున.”

“సరే.”

“సరే అంటే కాదు, బాబూ. తేల్చీయండి. రేపటి నుంచి మా ఇంటికి అద్దం వొస్తాదా, రాదా?”

“రాదు.”

“ఇన్నావా, జగ్గమ్మా. నాను ఒద్దన్నాను. లోపలుండమన్నాను.”

“ఉండుంటే పలక పోను, మావా. అప్పుడైనా ఇదే మాట అందురు.”

“నన్ను చెప్పనిస్తారా? అద్దం మీ ఇంటికి రాదు. మీరే అద్దం దగ్గరికి రావాలి. ఆ ఇల్లు కట్టి అరవై ఏళ్ళయింది. కర్ర కదిలిపోయి ఏ తలుపు వాలు దానిదే. మిగతా పదీ అక్కడే కూర్చుని, ఒక్కో చట్రానికీ మట్టం పట్టి కొయ్యాలి. మూడేళ్ళుగా ఏ ఊరి పనికి రమ్మన్నా నీకు కాలు నొప్పి, కూర్మయ్యా. లేకపోతే చుట్టాలు. ఒకసారి కుక్క కరిచిందన్నావు.”

“అది నిజంగా కరిసింది, సావుకారూ.”

“కరిస్తే కరిచింది. కోసేవాళ్ళెవరో వాళ్ళే బయటపడాలి. నేను నోరు తెరిచి జగ్గమ్మ చేత కోయిస్తున్నావా అని అడిగితే చెబుదువా?”

“సచ్చినా సెప్పను.”

“అంటే, బాబూ, మీకు ముందే తెలుసేటి?”

“ఇరవై ఏళ్ళు కూర్మయ్య కోసిన అద్దం ఎత్తితే నా వేళ్ళు తెగేవి, జగ్గమ్మా. మూడేళ్ళుగా తెగడం లేదు. ప్రతి అంచూ రాయి మీద పామి వస్తోంది. అంత ఓపిక ఇతనికి ఏనాడుంది?”

“పిల్లా గుంటా తిరిగే ఇల్లు. పామకపోతే నాకు సెయ్యి ఊరుకోదు. తెలిసినోరు ఊరుకోక, ఆ రైలాయన సేతికి మట్టమిచ్చి ఇంత దాకా తెచ్చేరు. నాను గుమ్మంలోంచి రాకపోతే మీ పని ఏటయిపోను?”

“ఏమీ కాదు. గీత పడే ముందు పలక లాగేసేవాణ్ణి. అసలు వాలు ఈ కాగితం మీద గీసి, పొద్దుటి నుంచీ జేబులో ఉంచుకున్నాను. పెట్టి చూసుకో, ఒక ముక్క.”

“గీత మీద గీత పడింది, మావా. ఎంట్రుక తేడా నేదు.”

“మరి ఆ చీపురుపల్లి ఆయనెవులు, సావుకారూ?”

“ఎవరూ లేరు, కూర్మయ్యా. మూడు వస్తువులతో వచ్చేను. ఐదు ముక్కలూ, గీసే చెయ్యీ, వినే చెవీ పట్టుకుని వెళుతున్నాను. ఇద్దరూ బట్టలు సర్దుకోండి. ఆ మర మీ వీధి మొదట్లో నేనే విప్పి వాలు తప్పించేను.”