సగం దారి ఆట

ఎక్కడ బేరం నడిచినా నా చెవి అటే పోతుంది. రోంగాయి ఊరికి వెళ్లే, మటాటు అనే చిన్న బస్సులో, నా ముందు సీట్లోని యువకుడు కండక్టరును ఆపాడు.

"అన్నా, మా వీడియో గేమ్ కింద నీ ఫోటోతో చెడ్డగా రివ్యూ రాసింది నువ్వే కదా? తీసేయవా? అది చూసి ఎవరూ కొనడం లేదు."

"ఓహో, ఆ బస్సు ఆట చేసింది నువ్వా! మా పాపకి మన రూటు చూపిద్దామని కొన్నాను తమ్ముడూ. బ్రిడ్జి దాటగానే రోడ్డే లేదు. బస్సు గాల్లో తేలింది."

"ఇంకా తయారవుతోందని ముందే చెప్పాం కదన్నా."

"అలా చెప్పి అమ్మేవాళ్లు డబ్బు తీసుకుని మాయమవుతారని మా బస్సు స్టేజీలో అందరూ అన్నారు. మనూరివాడు కదా అని నేనే నమ్మాను."

"జనం తక్కువైతే మీరూ సగం దారిలో దింపేస్తారుగా?"

"దింపుతాం. ఇంకో బండెక్కించి, వాళ్ల ఛార్జీ మేమే ఆ కండక్టరు చేతిలో పెడతాం. నువ్వు నన్ను ఏ బండెక్కించావు?"

యువకుడు తన ఛార్జీ తీసి అతని చేతిలో పెట్టాడు.

"పోనీ, మిగతా రోడ్డు ఎప్పుడు వేస్తావు?"

"ఆపేశామన్నా. ఇప్పుడు పడవల ఆట చేస్తున్నాం."

"అదీ అమ్మకానికి పెట్టేశారా?"

"నిన్ననే పెట్టాం."

"సరే, నా మాట తీసేస్తాను. దాని బదులు ఏం రాయమంటావో నువ్వే చెప్పు."

యువకుడు లేచి, తన స్టేజీ రాకముందే, ఇక్కడే దిగుతానన్నాడు.