కీలు లేని చోట మోసిన భుజం

ఈ హాల్లో కూర్చున్న మీరందరూ ఇరవై ఏడేళ్లుగా ఒక అబద్ధానికి కాపలా కాస్తున్నారు. తెలిసి కొందరు, తెలుసుకునే ఓపిక లేక కొందరు. చేతిలో పూలగుచ్ఛం ఉన్నంత మాత్రాన ఎవరినీ వదిలిపెట్టను. నన్నూ కలుపుకునే అంటున్నాను, అప్పుడే మొహాలు మాడ్చుకోకండి. (నవ్వులు)

ఇక మర్యాదలు. అధ్యక్షస్థానంలో ఉన్న ప్రిన్సిపాల్ గారికి, అంటే ఇదే పశువైద్య కళాశాలలో మొదటి ఏడాదంతా నా నోట్సు చూసి బొమ్మలు గీసుకున్న నా సహాధ్యాయికి. అనాటమీ శాఖ పెద్దలకు. వెనక గోడకి ఆనుకుని నిలబడ్డ విద్యార్థులకు. అందరికన్నా ముందు, ఇవాళ సాయంత్రం ఐదింటికి ఉద్యోగ విరమణ చేస్తున్న మన డిసెక్షన్ హాలు అటెండరు కత్తులక్కకు నమస్కారం. అక్కా, కుర్చీ అంచుమీద ఎందుకలా? వెనక్కి ఆనుకుని కూర్చో.

కొత్త పిల్లల కోసం ఒక్క ముక్క. మనిషి చెయ్యి కాలర్ బోన్ ద్వారా ఎముకతో ఎముకగా ఒంటికి అతికి ఉంటుంది. ఆవుకి ఆ ఎముకే లేదు. ముందుకాలికీ మొండేనికీ మధ్య కీలు లేదు, ఉన్నదంతా కండే. మెడ మీంచి కొన్ని, వీపు మీంచి కొన్ని, రొమ్ము కింద కొన్ని. అన్నిటికన్నా గట్టిది లోపల, రెక్క ఎముక నుంచి విసనకర్రలా విచ్చుకుని పక్కటెముకలను రంపపు పళ్లలా పట్టుకునేది. అంత పశువూ ముందుకాళ్ల మధ్య ఆ కండల ఉయ్యాలలో వేలాడుతుంది. ఇది నేను పుస్తకం కొనకముందే అక్క చెప్పింది, కత్తి సానపడుతూ: “పిల్లా, ఎముక కోసం వెతుక్కోకు. ఇక్కడ మోసేదంతా కండే.”

నేను విన్నాను. మా ప్రిన్సిపాల్ గారు వినలేదు. (నవ్వులు) ఇరవై ఏడేళ్ల కింద ఒక రోజు, కుళ్లకుండా మందెక్కించిన పెయ్య కళేబరాన్ని ఇనప చట్రంలో నిలబెట్టి, కాళ్లు చట్రానికి కట్టారు. ఆ లోపలి కండ కోసేముందు మొండెం ఒరగకుండా రొమ్ము కింద తోలు పట్టా వేసి పైనున్న దూలానికి బిగించాలి. ఆ పని అక్కది.

“ఆగు బాబూ, పట్టా తెస్తున్నా.”

“ఇంకా కీలు కొయ్యందే ఎక్కడికి పడుతుందక్కా? నువ్వు మరీనూ!”

“నువ్వు వెతికే కీలు నీ భుజంలో ఉంది నాయనా, దానికి లేదు!”

అప్పటికే కత్తి ఆడింది. మొండెం ఆయన మీదికి ఒరిగింది. అక్క పరుగున వచ్చి తన భుజం కింద పెట్టింది. టక్‌మని చప్పుడు. పెయ్యకి లేని ఎముక, అక్కకి ఉన్న ఎముక, విరిగింది. నొప్పితో వంకర్లు పోతూనే ఆవిడ అన్న మొదటి మాట: “బాబుకేం కాలేదు కదా?”

ప్రమాదాల రిజిస్టరులో మాత్రం ఇలా రాశారు: ‘అటెండరు అజాగ్రత్త వల్ల’. కింద రెండు సాక్షి సంతకాలు. ఒకటి ఆయనది, రెండోది నాది. కాలేజీ నుంచి పంపేస్తారేమోనని భయపడ్డాం. అలా రాయించిన అప్పటి ప్రొఫెసరు గారి మీదికి నెట్టేసి చేతులు దులుపుకోను; పెన్ను పట్టింది నా చెయ్యే. అక్కని పర్మనెంటు చేద్దామని ఫైలు కదిలిన ప్రతిసారీ ఆ ఒక్క వాక్యమే అడ్డొచ్చింది. పోయిన వారం ఐదోసారి తిరిగొచ్చింది. ముప్పై మూడేళ్లు టెంపరరీ! ఏ ఆర్డరూ లేకుండానే ఇంత కాలేజీనీ మోసింది.

“అవన్నీ ఇప్పుడెందుకమ్మా?” అంటున్నారు ప్రిన్సిపాల్ గారు. ఐదు దాటాక చెప్పి ఏం లాభం సార్? ఇప్పుడు మూడున్నర అయింది.

ఈ మాటలు మాట్లాడతానని నిన్న అక్కకి చెప్తే, “ఊరుకో పిల్లా, నలుగురిలో ఆ అబ్బాయి చిన్నబోతాడు” అంది. చూశారా, ఇప్పటికీ ఆయన పడిపోతాడేమోనని పట్టా పట్టుకుని నిలబడే ఉంది! నాకు ఒళ్లు మండేది అక్కడే. మరి నీకేం కావాలి అనడిగితే చాలాసేపు కత్తి తుడిచింది. “ఆ అజాగ్రత్త అన్న మాట తీసేయించు. ఒక్కరోజైనా పట్టా మర్చిపోయానా నేను?”

ఇంతసేపు నా నోటిని భరించినందుకు అందరికీ కృతజ్ఞతలు. మాటలకి సెలవు. మనిషిని మాత్రం ఇక్కడే ఉంటాను, ఇవి జరిగేదాకా:

ఒకటి. రిజిస్టరు పక్కగదిలో ఉంది. ఇప్పుడే ఈ బల్ల మీదికి తేవాలి.

రెండు. ఆ వాక్యాన్ని ప్రిన్సిపాల్ గారు తన చేత్తో కొట్టేసి, జరిగింది రాయాలి. సాక్షి సంతకం నేను చేస్తాను.

మూడు. ఫైలు ఆరోసారి, ఆ పేజీ జతచేసి, ఐదింటి లోపు పంపాలి.

నాలుగు. అక్క వెళ్లిపోయిందని ఆ పోస్టు రద్దు చేయకూడదు. ఆ పోస్టులోకి కొత్తగా వచ్చేవాళ్లకి పని అక్కే నేర్పాలి.

ఐదు. పట్టా బిగించందే ఎవరూ కత్తి ముట్టకూడదు. ప్రిన్సిపాల్ గారితో సహా.