కాఫీ మొక్కు

అది బొమ్మనహళ్ళి సందుల్లో వరద నడుము లోతు నిలిచిన ఏడు. గార్మెంట్స్ ఫ్యాక్టరీ మేడ మీద రెండు రోజులు చిక్కుకుపోయిన వాచ్‌మన్ మూడోనాటి సాయంత్రం ఇల్లు చేరాడు. భార్య ఒక్క లోటాతోనే కాఫీ తెచ్చింది.

"నీకేదే?"

"నాకొద్దు. నువ్వు తాగు."

"కాఫీ వద్దనే మొగమా నీది? జొరమేమన్నా వచ్చిందా?"

"నువ్వు బతికొస్తే కాఫీ వదిలేస్తానని తిరపతి స్వామికి మొక్కుకొంటిని."

"ఎన్నాళ్ళు?"

"ఉన్నన్నాళ్ళు."

ఆయన లోటా కింద పెట్టేశాడు.

"కాకరకాయ వదిలేస్తానంటే పోయేది కదే. అదంటే నీకెట్లానూ గిట్టదు."

"గిట్టనిదిచ్చి మొగుణ్ణి అడిగేదా? నా పానం దేని మీద ఉండాదో ఆయప్పకు తెలీదా?"

"నా మీద ఉండాదనుకొంటినే."

"కాఫీ తర్వాతే నువ్వు," అని ఆమె నవ్వింది.

"అట్లయితే నేనూ మానేస్తా."

"ఊరికే ఉండు. నువ్వు సుఖంగా తాగాలనే కదా నేను మానింది. తాగు, ఆరిపోతాది."

ఆయన తాగాడు. ఆమె చూపు లోటా మీదనే ఉండడం చూస్తూనే తాగాడు.

మరునాడు పొద్దున ఆమె పొయ్యి వెలిగించకముందే ఆయన బురదలో నడిచిపోయి, తెరిచిన హోటలు ఒకటి వెతికి, నిలబడి కాఫీ తాగి, ఇంటి బయటే నోరు పుక్కిలించుకొని లోపలికి వచ్చాడు.