వేరు తెగకుండా తీసిన కలుపు

"మామ్మా, వీధిలో చెట్ల కింద మొక్కలు సుధ నాటిందని అందరూ అంటున్నారు. సుధనడిగితే మా మామ్మ నాటిందంటోంది. ఇంతకీ ఎవరు నాటేరు?"

నాను నాటేననిందా? మా మనవరాలు అలాగే అంతాది. సూడమ్మా, నాటడం తరవాత మాట. ముందు నాను పీకీసేను. ఆ ముక్క ముందు ఎక్కించుకో నీ ఫోన్లోకి.

నాది ఈ సోడారం ఊరు కాదు గదా. దేవరాపల్లి అవతల పల్లి మాది. పన్నెండేళ్ళప్పుడు మా అమ్మ ఎనకాల సెరుకు తోటల్లోకి కలుపుకి ఎల్లేను. కాదు కాదు, పన్నెండు ఇంకా నిండనేదు, మా సెల్లి నీలమ్మ పుట్టిన ఏడు అది. రోజంతా వంగితే కుంచెడు ధాన్యం కొలిసేవోరు. డబ్బులు కళ్ళ సూసింది మా పెద్దోడు పుట్టేకే. సెరుకాకు మొకమంతా కోసీసేది. అలాటి సోట యాభై ఏళ్ళు కలుపు తీసేను. నా సాలులో గడ్డిపరక మిగిలితే ఒట్టు. మా మేస్త్రీ సూరమ్మ, పోయింది పాపం, కొత్తగా వొచ్చిన ఆడగుంటల్ని నా ఎనకాల నిలబెట్టి, దీని సెయ్యి సూసి నేర్సుకోండి అనేది. పైన తుంచీసి పోడం కాదమ్మా కలుపంటే. వేరు మిగిలితే వారం తిరక్కుండా లేస్తాది. బొరిగ పక్కన దించి, మన్ను కదిపి, మొదలు పట్టుకుని సివరిదాకా లాగాల. మన్ను దులిపి, వేరు ఎండకి తిప్పి పడుకోబెట్టాల. అప్పుడది సస్తాది.

తరవాత గడ్డిమందు వొచ్చింది. డబ్బా వీపుకి తగిలించుకుని ఒకడొచ్చి మద్దేనానికి ఎకరం కొట్టీసేవోడు. ఇంక మమ్మల్నెవరు పిలుస్తారు? మా పెద్దోడు నన్నిక్కడికి తెచ్చీసేడు. కోడలు మంచిదే, సీపురు కూడా పట్టనివ్వదు. అదే నాకు జబ్బయిపోనాది. సేతులకి పని నేకపోతే మనిషెందుకు? బొరిగ మాత్రం పారేయనివ్వనేదు, మంచం కింద ట్రంకు పెట్టెలో దాసుకున్నాను.

అలా ఉండగా మొన్న ఎండలెల్లేక మాడుగులలో మా కూతురి ఇంటికి ఎల్లేను, దాని కోడలికి పురుడని. నెలరోజులుండిపోయేను. అల్లుడు హల్వా పొట్లం కట్టి బస్సెక్కించేడు. శుక్రవారం పొద్దున్నే దిగేను. వీధిలోకి తిరిగేను గదా, కాళ్ళాగిపోనాయి. మా గేటు కాణ్ణుంచి మూల కానుగ దాకా ఆరు సెట్లు, ఆరింటి మొదట్లోనూ కలుపే. ఉత్తరేణి, అతిబల, విష్ణుక్రాంతం, గరిక. ఓలమ్మ, ఏటీ గోరమనుకున్నాను. నాలాటి మనిషున్న ఇంటి ముందు కలుపా? కొడుకు డ్యూటీకి పోయేడు, సుధ స్కూలుకి పోయింది, అది సైన్సు టీచరు గదా. కోడలు తాళం పక్కింట్లో ఇచ్చి సుట్టాలింటికి పోనాది, సాయంత్రం గానీ రాదు. సంచీ లోపల పడీసి బొరిగ తీసేను.

అబద్ధమెందుకు, ఎంత హాయిగా ఉన్నాదో. నడుం నొప్పి కూడా తెలీనేదు. ఒంటిగంటయ్యేసరికి ఆరు సెట్ల కిందా అలికిన అరుగులా సేసీసేను. పీకిందంతా మా గోడవార, వేర్లు పైకి తిప్పి వరసగా ఆరబెట్టేను. ఎదురింటి రిటైరు మాస్టారు గేటు కాడికొచ్చి, ఇప్పుడు వీధికి కళొచ్చింది మామ్మా అన్నారు. నాను పొంగిపోయేను.

సాయంత్రం సుధొచ్చింది. స్కూటీ దిగి అలా నిలబడిపోనాది. సూసేవా, మీ మామ్మ సేతిలో ఇంకా పనుంది అన్నాను. అదప్పుడంది.

"మామ్మా, అవి నేను నాటేను."

నాకర్థం కానేదు. కలుపుని నాటతారేటే అన్నాను. అదప్పుడు మెల్లిగా సెప్పింది. సెట్ల మొదళ్ళు సిమెంటుతో బిగించీసేరు గదా, నీళ్ళు దిగక ఈ ఏసవికి మూల కానుగ సగం ఎండిపోనాదట. నాను మాడుగులలో ఉన్న నెలలోనే ఇల్లిల్లూ తిరిగి బతిమాలి ఆ సిమెంటు తవ్వించిందట. ఉత్తి మట్టి వొదిలితే సెత్త పోస్తారు, బళ్ళు పెడతారు. అందుకని మన నేల మొక్కలే, ఒకసారి నాటితే ఏళ్ళ తరబడి ఉండేవి, ఎతికి తెచ్చి నాటిందట. పాములొస్తాయని, దోమలొస్తాయని వీధివాళ్ళ గోల. ఆదివారం వొచ్చి సూస్తాం, బాగోకపోతే మళ్ళీ సిమెంటు పోయించీస్తాం అన్నారట. ఆదివారానికి మజ్జిన ఒక్క శనివారం. నాను సూస్తే అరుగులా అలికీసేను.

ఇంకో మాటంది, దానికి నాకు మతిపోనాది. విష్ణుక్రాంతం కోసం మూడు నెలలు తిరిగిందట, పొలం గట్లంటా, కాలవ గట్లంటా. ఎక్కడా దొరకట్లేదట, ఆఖరికి గుప్పెడు మొక్కలు దొరికేయట. గడ్డిమందు కొట్టి కొట్టి గట్లు కూడా మాడిపోనాయట. విష్ణుక్రాంతం దొరక్కపోడమేటమ్మా? మోపులు మోపులు పీకి పారేసేను నాను. మా కూలి తినీసిన మందే దాన్నీ తినీసింది. నాకు తెలీనే తెలీదు.

సుధ తిట్టినా బాగుండేది. తిట్టనేదు. గోడవార కూకుని ఏడుస్తా ఒక మొక్క తీసి సూసింది, ఇంకోటి సూసింది.

"మామ్మా, ఒక్క వేరూ తెగలేదు."

అప్పుడు లేసేను. ఆ రోజు మబ్బుగా ఉన్నాది, అదృష్టం. గోనె తడిపి అన్నిటికీ కప్పేను. బకెట్లో నీళ్ళోసి వేర్లు నానబెట్టి, పైన సగానికి సగం తుంపీసి, వరినారు ఊడ్సినట్టే బొటనేలితో దింపుకుంటా పోయేను. సుధ నీళ్ళు పోసింది, కోడలూ దిగింది. పొద్దుగూకేలోగా ఆరు సెట్లూ అయిపోనాయి.

ఆదివారం వీధంతా వొచ్చేరు. మొక్కలన్నీ ఏలాడిపోయి ఉన్నాయి. మాస్టారు సూసి, సచ్చిపోనాయి గదమ్మా సుధా, ఇంక సిమెంటు మేస్త్రీకి కబురెడతాను అన్నారు. సుధ తలొంచుకుంది. దాని మొకం సూళ్ళేకపోయేను. పెద్దోళ్ళ ముందు ఎప్పుడూ నోరెత్తని మనిషిని, అడ్డంగా ఎల్లి నిలబడ్డాను.

"బాబూ, యాభై ఏళ్ళు ఈటిని సంపడమే నా పని. సచ్చింది ఎలాగుంటాదో నాకు తెలుసు. ఇవి సావనేదు. మళ్ళీ ఆదివారం దాకా ఆగండి."

మాస్టారే సరే అన్నారు. వారానికి అతిబల తలెత్తింది. ఉత్తరేణి నాలుగు పోనాయి, అయిదేమో, మిగతాయి నిలబడ్డాయి. విష్ణుక్రాంతం ఆఖర్న లేసింది, నీలం పువ్వుతో. సిమెంటు మాట మళ్ళీ ఎవురూ ఎత్తనేదు. మూల కానుగకి సిగురొచ్చిందంతాది సుధ, నాకంత పైకి సూపానదు.

నీకు వైజాగులో ఉద్యోగం వొచ్చిందట గదా? ఇటొంగు తల్లీ, తల మీద సెయ్యెడతాను. నిన్నెక్కడ తీసి ఎక్కడ నాటినా నీ వేరు తెగకుండా ఉండాల. సల్లగా ఉండు. గేటు కాడ సూసి అడుగెయ్యి, విష్ణుక్రాంతం రోడ్డు మీదకి పాకింది. అది కాస్త పీకీయి మామ్మా అంటారు మాస్టారు రోజూ. ఏటి సెయ్యనమ్మా, బొరిగ తీసుకునే ఎల్తాను... సెయ్యి రాదు.