గాజు పగలనివ్వని విశ్వేశ్వరరావు గారు

1994 జూన్ ఆరో తేదీ, సోమవారం ఉదయం, కాకినాడ ఓడరేవులో గుమాస్తాగా పనిచేసి వచ్చిన ముప్పై ఒక్కేళ్ల శ్రీ విశ్వేశ్వరరావు గారు సింగపూర్‌లోని మన జురాంగ్ గోదాములో ప్యాకింగ్ సహాయకులుగా విధుల్లో చేరారు. చేరిన పూటే, అప్పటి మేనేజరు చేతిలోంచి జారిన ప్రెషర్ మీటరును గోదాము ఆ చివర నుంచి ఒక్క గెంతులో వచ్చి, నేలకు బెత్తెడు ఎత్తున ఒడిసి పట్టుకున్నారని ప్రతీతి. గోదాము పొడవు ఎరిగిన వారు ఈ సంగతిని కొంత శంకిస్తారు గాని, రావు గారిని ఎరిగిన వారు శంకించరు.

1999లో వారు సూపర్‌వైజరు అయ్యారు, 2008లో ప్యాకింగ్ విభాగానికి మేనేజరు అయ్యారు. మన సంస్థ అమ్మే మీటర్లకు ముఖమంతా గాజే. థర్మోకోల్ గూటిలో కూర్చోబెట్టి, బబుల్ షీటు చుట్టి, పెట్టెలో పెట్టి, పెట్టెకు మళ్లీ ప్లాస్టిక్ చుట్టించే రావు గారి పద్ధతిలో దశాబ్దాల తరబడి ఒక్క గాజూ పగలలేదు. వారు కట్టించిన పెట్టె ఒకటి తుఫానులో ఓడ మీద నుంచి జారిపడితే, తిమింగలం మింగి, ఎంతకీ అరగక, విసిగి వేసారి చాంగీ ఒడ్డున కక్కిపోయిందట. విప్పి చూస్తే మీటరు ముల్లు సున్నా మీద నిశ్చలంగా ఉందట. తిమింగలాన్ని చూసిన వారు లేరు. పగిలిన మీటరును చూసిన వారు అంతకన్నా లేరు.

మన సరుకులో సగానికి పైగా కొనేది ఒక గల్ఫ్ దేశం. వారు కూడా మన సంస్థ పత్రిక చదువుతారు కనుక పేరు రాయడం మర్యాద కాదు. సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే వారి ప్లాంట్లకు మన మీటర్లు వెళ్తాయి. మూడేళ్ల క్రితం ఆ దేశం తన వాణిజ్య విధానాన్ని తిరగరాసుకుంది. ప్రభుత్వ కొనుగోళ్లలో ధరతో పాటు, సరుకు వెంట వచ్చి తమ గడ్డ మీద మిగిలిపోయే చెత్తను కూడా తూకం వేస్తామని ప్రకటించింది. చమురు అమ్ముకునే దేశానికి చెత్త మీద ఈ పట్టింపేమిటని మన దగ్గర కొందరు నవ్వారు. ఆ నవ్వు జనరల్ మేనేజరు గంగాధర్ గారి గది దాకా వెళ్లలేదు. ఆ ఒప్పందం పోతే గోదాములో నలభై మంది ఉద్యోగాలు, వాటితో పాటే ఈ దేశంలో ఉండనిచ్చే వర్క్ పర్మిట్లు పోతాయని వారికి తెలుసు.

"రావు గారూ, వాళ్లకి థర్మోకోల్ వద్దంట. బబుల్ షీటొద్దంట. పైన చుట్టే ప్లాస్టికూ వద్దంట," అన్నారు వారు, రావు గారిని పిలిపించి.

"మరి మీటర్లు కావాలంటనా అండి, అవీ వద్దంటనా?"

అడగడానికి అలా అడిగారే గాని, ఆ మర్నాటి నుంచే రావు గారు అట్టముక్కలతో కుస్తీ పట్టారు. అట్టతో తేనెపట్టు గళ్లు కోయించారు, కాగితం పీచు కూరించారు, మెట్ల మీద నుంచి పెట్టెలు దొర్లించారు. ఆ చప్పుడుకు పక్క గోదాము వారు పిడుగు పడిందనుకుని రెండుసార్లు బయటికి పరుగెత్తారు. ఎట్టకేలకు ప్లాస్టిక్ ఆనవాలే లేని పెట్టె ఒకటి తయారైంది. దాన్ని పరిశీలించడానికి ఆ దేశ వాణిజ్య శాఖ నుంచి ఒక అధికారిణి సింగపూర్ వచ్చారు.

ఆమెను వెంటబెట్టుకుని గోదాములోకి అడుగుపెట్టిన గంగాధర్ గారు గుమ్మంలోనే ఆగిపోయారు. బారులు తీరిన కొత్త అట్టపెట్టెలన్నీ మెరిసే ప్లాస్టిక్ తొడుక్కుని ఉన్నాయి.

"ఇదేంటండీ!" అన్నారు, గొంతు తగ్గించి.

"అట్టపెట్టెలు కదండీ. వానకి చెమ్మ తగులుద్దనీ, మేడమ్ గారు చూసేలోపు చేతి మరకలు పడతాయనీ... సన్నగా ఒక చుట్టు."

"ఒక చుట్టు కాద్సార్, మూడు," అన్నాడు ఫోర్‌మన్ ఏడుకొండలు. "నా చేతే చుట్టించారు."

"నువ్వూరుకోవోయ్!"

అధికారిణి పెట్టె మీద వేలితో తట్టి, తాను చూడవలసింది లోపలి అట్టనా, పై కవరునా అని అడిగారు. నలభై మందీ రావు గారి వంక చూశారు. రావు గారు ఉన్నమాట చెప్పారు.

"కొత్త వస్తువుకి కవరు తీయకూడదని మాకో అలవాటు మేడమ్. మా ఇంట్లో సోఫాకే ఇంకా తీయలేదు. మా అమ్మాయి రోజూ తిడుతుంది."

వారి కుమార్తె మహతి సింగపూర్ యాసలో అనే మాట, వారుండే బుకిట్ బటోక్‌లో ఆ ఫ్లాట్ల బ్లాకంతా ఎరిగినదే: "నాన్నా, సో స్టికీ లా! కూర్చుంటే సోఫా కూడా నాతోనే లేస్తోంది!"

అధికారిణి నవ్వేశారు. తమ తల్లిగారు టీవీ రిమోట్‌కు నేటికీ కవరు తీయలేదని చెప్పారు. "కానీ నేను మా అమ్మ తరఫున రాలేదు," అన్నారు. "మీ మీటరు వచ్చే ప్లాంటు నీళ్లు తోడేది మా సముద్రంలోంచి. మీ కవరు గాలికి ఎగిరి చేరేదీ ఆ సముద్రంలోకే. చవగ్గా కొని, ఆ చెత్త తీయడానికి మళ్లీ మేమే ఖర్చు పెట్టుకుంటున్నాం. కవర్లు లేకుండా ఒక కంటైనరు పంపండి. నూటికి రెండు పగిలినా ఫర్వాలేదు."

ఒప్పందం నిలిచే దారి దొరికిందని గంగాధర్ గారి ముఖం వికసించింది. రావు గారి ముఖం మాత్రం వాడిపోయింది. పగిలినా ఫర్వాలేదన్న మాట ఆ గోదాములో అంతవరకు ఎవరూ పలకలేదు. అయినా వారే కత్తెర తీసుకుని, మొదటి పెట్టె కవరు తమ చేతులతో కోశారు.

ఓడ కదిలిన నాటి నుంచి రావు గారు ఫోనులో సముద్రపు పటం మీద ఓడను చూపే చుక్కను చూస్తూ గడిపారు. "అన్నం కంచంలో చల్లారిపోతోంది, ఆ ఓడనేమైనా మీరు తోస్తున్నారా?" అని వారి శ్రీమతి అరుంధతి గారు కేకలేశారు. సరుకు దిగింది. కబురు వచ్చింది: నాలుగు గాజులు పగిలాయి, అనుమతించిన దానిలో అది ఏ మూలకూ రాదు, ఒప్పందం ఖరారు. గోదాములో లడ్డూలు పంచారు.

"తినండి సార్, నాలుగే కదా," అన్నాడు ఏడుకొండలు.

"నాలుగోయ్!" అన్నారు రావు గారు. లడ్డూ చేతిలో పట్టుకుని గోదామంతా కలియజూసి, అక్కడ ఒక్క మనిషీ తగ్గలేదని చూసుకున్నాక, నోట్లో వేసుకున్నారు. గాజు పగలని కీర్తిని వదులుకుని నలభై కుటుంబాల కూడు నిలబెట్టిన వారి ఔదార్యానికి ఏ శాలువా సరితూగదు.

ఈ నెలాఖరున వారు పదవీ విరమణ చేస్తున్నారు. వారు దగ్గరుండి కట్టించిన చివరి కంటైనరు పోయిన వారమే బయలుదేరి, ఇంకా నడిసముద్రంలో ఉంది. ఎన్ని పగిలాయో తమకు చెప్పనే వద్దని గంగాధర్ గారితో గట్టిగా అన్న రావు గారు, తెల్లారగానే ఫోను చేసి "ఓడ ఎంతవరకు వచ్చిందండీ?" అని అడిగారు. ఆ ఓడ చేరాక మరో ఓడ, అది చేరాక ఇంకొకటి, ఇలా మన ఓడలు తిరిగినన్నాళ్లూ, అరుంధతి గారు పక్కనుండి కేకలేస్తుండగా, రావు గారు ఏ నలతా లేకుండా నిండు నూరేళ్లూ అదే గొంతుతో మనకు ఫోను చేస్తూనే ఉండాలని, సహోద్యోగులందరి తరఫున మనసారా ఆకాంక్ష.