ఫ్యాక్టరీ పుట్టిన చోటు

1987 వేసవి. ఇండియానాలో ఓ చిన్న ఊరు. బ్రెనమన్ పొయ్యిల ఫ్యాక్టరీ ఎదుటి కాఫీ హోటల్లో, అక్కడ పోతపని చేసే లొరీన్ ముందు, శాసనసభ్యుడైన ఆమె మరిది వెర్లిన్ టోపీ తీసి కూర్చున్నాడు.

"ముందు కాఫీ తాగు వదినా, చల్లారిపోతోంది."

"నువ్వే తాగు. మా చట్టం ఉండగా ఏ న్యూయార్కువాడూ మన ఫ్యాక్టరీ మింగలేడన్నావు. ఏమైంది? కోర్టు కొట్టిపారేసింది!"

"అందులో తప్పుంది. కాలిఫోర్నియావాడు టెక్సాస్‌వాడికి ఇక్కడి కంపెనీ షేరు అమ్ముకున్నా మన అనుమతి కావాలని రాశాం. పొలిమేర దాటి మీ పెత్తనమేంటంది కోర్టు. దేశమంతా ఒకటే సంత, మధ్యలో రాష్ట్రాలు దడులు కట్టకూడదని రాజ్యాంగం..."

"మా కొలిమి ఆర్పేయమందా రాజ్యాంగం? కొన్న మర్నాడే మూసేస్తానంటున్నాడు ఆ న్యూయార్కువాడు. నేనూ, నా కొడుకూ, ఈ వీధి వీధంతా..."

"అందుకేగా కొత్త చట్టం తెచ్చాం. కొనుక్కో, కానీ నీ షేర్లకి ఓటుండాలో వద్దో మిగతా వాటాదార్లు తేలుస్తారన్నాం. సుప్రీంకోర్టు కూడా సరేనంది."

"మరింకేం! మిగతా వాటాదార్లంటే మేమే. ఏటా క్రిస్మస్‌కి బోనసు బదులు షేర్లేగా మా మొహాన కొట్టారు. పెట్టించు ఓటు!"

"అదే... అది చెబుదామనే వచ్చాను."

"నీళ్లు నమలకు."

"ఆ చట్టం ఇండియానాలో పుట్టిన కంపెనీలకే. పొలిమేర దాటొద్దన్నారు కదా."

"మనది ఇక్కడ పుట్టలేదూ? ఆ గోడలకి మా తాత ఇటుకలు మోశాడు!"

"ఇటుకలు ఇక్కడివే. కానీ చట్టానికి రిజిస్టరైన చోటే పుట్టిన చోటు. కంపెనీ రిజిస్ట్రేషను డెలావేర్ రాష్ట్రానికి మారింది. అక్కడైతే యాజమాన్యానికి సుఖమని."

"ఎవడు మార్చాడు? ఆ ముసలి బ్రెనమనేనా? సమాధిలోంచి లేపి తంతాను!"

"ఆయనొక్కడి వల్ల కాదు. వాటాదార్లు ఒప్పుకోవాలి."

"ఏ వెధవలు ఒప్పుకున్నారు?"

"వాటాదార్ల సమావేశం ఏటా ఎక్కడ పెడతారు వదినా?"

"ఎక్కడేంటి, ఫ్యాక్టరీ పిక్నిక్‌లో. ఆయన బల్లెక్కి ఏదో చదివేవాడు, అందరం సరే అనేవాళ్లం, ఆ తర్వాతే వడ్డన..."

"తన ఆఖరి పిక్నిక్‌లో ఆయన చదివింది అదే. బలపరిచేవాళ్లెవరని అడిగాడు. ఎవరూ పలకలేదు."

"మంచి పని చేశారు."

"మళ్లీ అడిగాడు. నువ్వు చెయ్యెత్తావు."

"నేనా?"

"నీ పక్కనే ఉన్నాను. నిన్ను చూసి నేనూ ఎత్తాను."





"ఐస్‌క్రీమ్ కరిగిపోతోందని ఎత్తాను, వెర్లిన్."