కనురెప్పల కింద మెరుపు

హలో… ఆ, నేనే… బావని. పెట్టేయకమ్మా, ఒక్క నిమిషం. అత్తయ్యకి ఇవ్వు ఫోను.

…

మాట్లాడనన్నారా? తెలుసు. మీ అక్కా మాట్లాడ్డం లేదు నాతో. ఆ సంగతి కూడా వంటింట్లో గిన్నెలకి చెప్పింది, నాకు వినపడేట్టు… నవ్వకు. ఇవ్వమ్మా, నీకు పుణ్యముంటుంది.

…

అత్తయ్యా… నేనండీ.

…

సరే, మీరేం మాట్లాడక్కర్లేదు. వినండి చాలు. తప్పయిపోయింది. మీరు నిద్రపోతుంటే ఫోటో తీయడం తప్పు. తీసింది పట్టుకెళ్ళి మా ఆఫీసువాళ్ళకి చూపించడం అంతకంటే తప్పు. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

…

అవును, మీటింగు హాల్లోనే… పెద్ద తెర. గోడంత… నిండా జనమే, అబద్ధం ఎందుకు. ఆ మీటింగు వీడియో నెట్లోకెక్కి మీ చిన్నల్లుడి కంటబడుతుందని నేను కల్లో కూడా— అంటే, ఎవరి కంటా పడకపోతే చేసెయ్యొచ్చని కాదు!

…

ఆ… నోరు తెరుచుకునే ఉంది.

…

పళ్ళ సెట్టూ కనపడింది. పక్కన గ్లాసులో… మసకగానే లెండి. మా పాత కెమెరాతో తీస్తే గ్లాసే స్పష్టంగా వచ్చేది, మీ మొహం అలికేసినట్టు ఉండేది. కొత్తది చీకట్లో కూడా మీ మొహాన్నే పట్టుకుంది. అందుకే చప్పట్లు కొట్టారు. మిమ్మల్ని చూసి ఎవరూ నవ్వలేదు, ఒట్టు.

…

ఒకరిద్దరు నవ్వారు.

…

మీరే ఎందుకంటే… ఎలా చెప్పను. ఫోన్లో కెమెరా వెనక గోరంత ముక్క ఒకటుంటుంది. నా పనంతా దానిమీదే. దాన్నిండా వెలుగుని పట్టుకునే గదులు, కంటికి ఆననంత చిన్నవి. జనానికేమో ఫోను పల్చగా ఉండాలి, ఫోటో మాత్రం గొప్పగా రావాలి. దాంతో గదుల్ని ఇంకా ఇంకా ఇరుకు చేస్తాం. ఇరుకు గదిలో వెలుగెంత పడుతుంది? పడ్డ కాస్తా పక్క గదిలోకి పోతుంది. అందుకని ఒక్కో గది నెత్తిన ఓ బుల్లి లెన్సు పెట్టి, గదికీ గదికీ మధ్య గోడ దింపి…

…

ఆ, అద్దెకొంపల్లాగే. సరిగ్గా పట్టారు.

…

వస్తున్నా, అక్కడికే వస్తున్నా. అదంతా పనిచేస్తోందో లేదో చూడాలంటే చీకటిగా ఉన్న గదిలో కదలని మనిషి కావాలి. నేను ఇంట్లోంచి పనిచేసే రోజుల్లో చూసేవాణ్ణి కదా, భోంచేసి, కర్టెన్లు లాగి, ముందుగదిలో కుర్చీలో ఒరిగేవారు మీరు. ఆఫీసులో బొమ్మ ఉంది కానీ, బొమ్మకి ముడతలుండవు— అయ్యో, ముడతలని కాదు, సన్న గీతలు… అది కూడా బాలేదు. ఏం మాట్లాడినా అడ్డంగానే వస్తోంది నాకు.

…

తీసేయించాను. వీడియో ఇంకెక్కడా లేదు. మా పెద్దసారు ససేమిరా అన్నాడు, కాళ్ళావేళ్ళా పడ్డాను… ఇంక ఇంటికొచ్చేయండి అత్తయ్యా. నేనే వచ్చి తీసుకెళ్తాను. మీరు లేక ఇల్లు ఇల్లులా లేదు. మీ కుర్చీ దరిదాపులకి కెమెరా తెస్తే నన్ను అడగండి.

…

అది కాదా? … ఫోటో గురించి కాకపోతే మరి దేనికి వెళ్ళిపోయారు?

…

మెరుస్తున్న చుక్కలా? కనురెప్పల కిందవా? అవి మీరూ గమనించారా! అబ్బ, ప్రాణం తీశాయి మాకు. వెలుగు పక్క గదిలోకి పోబట్టే వచ్చాయనుకున్నాం. అలా పోయిన వెలుగెంతో లెక్కకట్టి, ఆ ఫోటోలోంచి తీసేసి చూశాం. మిగతా మసకంతా పోయింది, అవి మాత్రం పోలేదు. పైగా ఇంకా స్పష్టంగా వచ్చాయి. హాల్లో కూడా చెప్పాను, ఈ ఒక్క లోపం మిగిలిందని, వేలుపెట్టి చూపించి మరీ…

…

లోపం కాదా?

…

అత్తయ్యా?

…

మీరు… నిద్రపోలేదా?

…

అప్పుడా? నేను స్టాండు సరిచేసుకుంటూ, మీ అమ్మాయితో…

…

విన్నారా.

…

వద్దు, మీ నోటితో అనకండి. నేనే అంటాను. "మీ అమ్మ ఈ ఇంట్లో పనికొచ్చేది ఇలా నిద్రపోయినప్పుడే" అన్నాను… ఆ, నవ్వుతూ అన్నాను. మీ అమ్మాయి నవ్వలేదు. నన్ను కసిరింది. అయినా నేను నవ్వుతూనే ఉన్నాను.

…

సరదాకి… ఊహూఁ. సరదా ఏంటి. మీకు వినపడదనుకున్నాను, అందుకని అన్నాను. అంతే.

…

కన్నీళ్ళని… నాకు తట్టలేదు అత్తయ్యా. వందరెట్లు పెద్దది చేసి చూశాను. వెడల్పెంత, మెరుపెంత అని కొలిచాను. చెట్టంత మనుషులం, తెర చుట్టూ చేరి బుర్రలు బద్దలు కొట్టుకున్నాం కానీ, మనిషి కంటి కింద తడి ఉంటే ఏమిటో ఒక్కడికీ తోచలేదు. వాళ్ళంటే బయటివాళ్ళు. నాకేమైంది? రోజూ మీరు వడ్డిస్తే తింటున్నవాణ్ణి.

…

మరి లేచి తిట్టొచ్చు కదా! ఆ స్టాండు తీసుకుని నెత్తిన ఒక్కటి వేయాల్సింది. కళ్ళయినా తుడుచుకోకుండా ఎందుకలా…

…

ఆఁ?

…

కదిలితే… నా ఫోటో చెడిపోతుందనా?

…

ఉన్నాను. ఉన్నానండీ, లైన్లోనే ఉన్నాను.

…

రమ్మని ఇంక ఏ మొహం పెట్టుకుని అడగను? మీరొస్తే మాత్రం…

…

ఏమిటీ? ఈసారి ఏడవకుండా పడుకుంటే ఫోటో శుభ్రంగా వస్తుందా అనా?

…

అత్తయ్యా, అలా అడక్కండి. తిట్టండి. వెటకారమైతే వెటకారమని చెప్పండి, పడతాను. నిజంగానే అడుగుతున్నారంటే మాత్రం…

…

హలో?

అత్తయ్యా… నిజంగానే అడిగారా?

హలో…